మెయిన్ బిల్డింగ్ గీసిన మోజర్

ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే బయటివాళ్లకు రెండే గుర్తొస్తాయి. ఒకటి కిలోమీటరు దాటిన రైల్వే ప్లాట్‌ఫారం. రెండోది ఐ.ఐ.టి. మన తాతలు బి.ఎన్.ఆర్. రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అప్పటికి ఐ.ఐ.టి. లేదు. ఇప్పుడు ఊరి నుంచి చుట్టాలు వస్తే గోల్ బజార్, స్టేషన్ చూపించాక చివరికి ఆటో ఎక్కించి పూరీ గేటు వైపు తీసుకెళ్తాం. మెయిన్ బిల్డింగ్ ముందు నిలబెట్టి ఒక ఫోటో తీస్తాం. ఆ ఫోటో లేని తెలుగు ఇల్లు ఖరగ్‌పూర్‌లో అరుదు.

ఆ భవనాన్ని ఎవరు గీశారని అడిగితే మాత్రం చాలామంది నెహ్రూ పేరు చెబుతారు. నెహ్రూ శంకుస్థాపన చేసిన మాట నిజమే. గీసింది వెర్నర్ మోజర్ అనే స్విట్జర్లాండ్ ఆర్కిటెక్ట్. ఇల్లు, గుడి, ఆసుపత్రి, ఈతకొలను, కుర్చీ, ఏది గీసినా అందులో మనిషి ఎలా కూర్చుంటాడు, ఎండ ఎటు నుంచి పడుతుంది అని ముందు చూసిన మనిషి ఆయన. బడి ఎలా ఉండాలి అన్న ప్రశ్న మీద కొన్నేళ్లు ఆలోచించి, ఆ విషయం మీద ఒక పుస్తకంలో భాగస్వామి కూడా అయ్యారు. బడి పత్రికలో ఆయన గురించి రాయడానికి ఆ ఒక్క కారణం చాలు.

మోజర్‌ల ఇంట్లో ఇళ్లు కట్టడం వంశపారంపర్యం. తాత రాబర్ట్ మోజర్ బాడెన్ అనే చిన్న స్విస్ పట్టణంలో ఆర్కిటెక్ట్. తండ్రి కార్ల్ మోజర్ అంతకంటే చాలా పెద్ద పేరు తెచ్చుకున్నారు. ఆయన జర్మనీలోని కార్ల్స్‌రూహే నగరంలో భాగస్వామితో కలిసి ఆఫీసు నడుపుతున్న రోజుల్లో, 1896 జూలైలో వెర్నర్ అక్కడే పుట్టారు. తండ్రి కట్టిన వాటిలో జూరిక్ విశ్వవిద్యాలయపు ప్రధాన భవనం ఒకటి. అది 1914లో పూర్తయింది. కొండ వాలు మీద, ఊరంతటికీ కనబడేలా, మధ్యలో ఒక పెద్ద గోపురంతో ఉంటుంది. అప్పటికి వెర్నర్ వయసు మీలో పై తరగతుల్లో ఉన్నవాళ్ల వయసే. విద్యాలయానికి గోపురం కట్టడం అంటే ఏమిటో ఆయన ఇంట్లోనే చూశారన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఖరగ్‌పూర్‌కు వచ్చాక మళ్లీ పనికొస్తుంది.

1915లో తండ్రి జూరిక్‌లోని ఫెడరల్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. కొడుకు కూడా అక్కడే చదివారు. కొంతకాలం జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పాల్ బోనాట్స్ అనే పేరున్న గురువు దగ్గర నేర్చుకున్నారు. చదువయ్యాక నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో పని చేశారు. అక్కడితో ఆగి ఉంటే మంచి ఉద్యోగి అయ్యేవారేమో. 1923లో ఓడెక్కి అమెరికా వెళ్లారు. షికాగోలో ఒక పెద్ద ఆఫీసులో కొంతకాలం పని చేసి, తర్వాత విస్కాన్సిన్ పల్లె ప్రాంతంలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఇంటికి చేరారు.

రైట్ గురించి ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో అమెరికాలో ఆయనంతటి ఆర్కిటెక్ట్ లేరు. కానీ 1924 ప్రాంతంలో ఆయన చేతిలో పని తక్కువ, సొంత కష్టాలు ఎక్కువ. తాలియెసిన్ అనే ఆయన ఇల్లు కొండ నుదుటి మీద, కొండలో భాగమా అన్నట్టు ఉంటుంది. అక్కడికి దేశదేశాల కుర్రాళ్లు చేరారు. ఆస్ట్రియా నుంచి రిచర్డ్ న్యూట్రా, జపాన్ నుంచి కమేకి త్సుచియురా, స్విట్జర్లాండ్ నుంచి మోజర్. భార్యలు కూడా వెంట ఉన్నారు. పగలు గీతలు, సాయంత్రం సంగీతం. పాత గురుకులం లాంటిదే అనుకోండి. ఈ ముగ్గురూ తర్వాత మూడు ఖండాల్లో పేరు తెచ్చుకున్నారు. న్యూట్రా 1935లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఒక ప్రాథమిక పాఠశాల కట్టారు. దాని తరగతి గది గోడ ఒకవైపు మొత్తం అద్దం, పక్కకు జరిపితే తరగతి తోటలోకి వచ్చేస్తుంది. అప్పటికి జూరిక్‌లో మోజర్ కూడా సరిగ్గా అలాంటి బడి గురించే మాట్లాడుతున్నారు.

స్వదేశానికి తిరిగొచ్చాక మోజర్‌కు ముప్పై ఏళ్లు. యూరప్‌లో అప్పుడే మొదటి ప్రపంచ యుద్ధపు గాయాలు మానుతున్నాయి. ఊళ్లలో ఇళ్లు చాలవు, ఉన్న ఇళ్లలో గాలి లేదు. యువ ఆర్కిటెక్టులు కొందరు, స్తంభాలు, శిల్పాలు, అలంకారాలు పక్కనపెట్టి ముందు వెలుతురు, గాలి, శుభ్రత సంగతి చూద్దామని పట్టుబట్టారు. 1928 జూన్‌లో స్విట్జర్లాండ్‌లోని లా సారా కోటలో అలాంటివాళ్లు పాతికమంది దాకా సమావేశమై ఆధునిక వాస్తుశిల్పుల అంతర్జాతీయ కాంగ్రెస్‌ను స్థాపించారు. అందులో ల కొర్బూజియే ఉన్నారు, మోజర్ ఉన్నారు. దానికి మొదటి అధ్యక్షుడు మోజర్ తండ్రి కార్ల్. తండ్రీ కొడుకులు ఒకే ఉద్యమంలో ఉండడం ఏ రంగంలోనూ తేలిక కాదు. అందులోనూ తండ్రి పాత పద్ధతిలో పెద్ద పేరు సంపాదించినవాడు. ఆ పెద్దాయన యాభై దాటాక కొత్త దారికి మళ్లడం నాకు కొడుకు కథ కంటే ఎక్కువ ఆశ్చర్యంగా అనిపిస్తుంది. అది వేరే వ్యాసం.

మన దగ్గర వాస్తు అనగానే ఈశాన్యంలో నుయ్యి, ఆగ్నేయంలో వంటిల్లు అంటారు. మోజర్‌కు కూడా దిక్కులే ముఖ్యం, కారణం మాత్రం సూర్యుడు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో హెన్రీ, ఎమ్మా బుడ్గే దంపతుల పేరిట ఒక వృద్ధాశ్రమం కట్టే పని మార్ట్ స్టామ్, ఫెర్డినాండ్ క్రామర్‌లతో కలిసి ఆయనకు దక్కింది. 1930లో అది పూర్తయింది. యూదులు, క్రైస్తవులు సమానంగా కలిసి ఉండాలని దాతలు పెట్టిన ఆశ్రమం అది. అందులో ప్రతి ముసలివారి గదికీ దక్షిణం వైపు ముఖం, ఎండ కాచుకోవడానికి ఒక బాల్కనీ. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అన్నది లేదు. కొన్నేళ్లకే నాజీలు ఆ యూదు వృద్ధులను బయటికి గెంటేశారు. కట్టిన చేతులు ఎంత మంచివైనా, భవనం తనంత తాను ఎవరినీ కాపాడలేదు.

జూరిక్ శివార్లలో న్యూబ్యూల్ అనే కాలనీని 1930 నుంచి 1932 వరకు ఏడుగురు ఆర్కిటెక్టులు కలిసి కట్టారు. మోజర్ అందులో ఒకరు. 195 ఇళ్లు. మామూలుగా కొండవాలు మీద ఇళ్లను వాలుకు అడ్డంగా వరసగా పేరుస్తారు, అప్పుడు ముందు వరస వెనక వరసకు ఎండ, చూపు రెండూ మూసేస్తుంది. వీళ్లు వరసలను వాలు దిగే దారిలోనే నిలబెట్టారు. ప్రతి ఇంటికీ ఎండ వచ్చింది, ప్రతి ఇంటికీ ఊరు కనబడింది. అదే రోజుల్లో ఇంటి సామాన్లు తక్కువ ధరకు, తేలిగ్గా, అందంగా దొరకాలని ఒక దుకాణం పెట్టడంలో మోజర్ భాగం పంచుకున్నారు. ఉక్కు గొట్టాలు వంచి కుర్చీలు కూడా గీశారు.

ఇక బడి. ఆ కాలపు యూరప్ బడిని ఊహించుకోండి. మూడు నాలుగు అంతస్తుల రాతి కట్టడం. దూరం నుంచి చూస్తే సైనికుల బారకాసు అనిపించేది. పొడవాటి చీకటి నడవా, దానికి ఇరువైపులా గదులు. గదిలో బల్లలు నేలకు బిగించి ఉండేవి. పిల్లవాడు కదలడానికి వీల్లేదు, ఎదురుగా మాస్టారి వేదిక, వెనక గోడ. కిటికీలు ఒకవైపే, అవీ పిల్లల తలకంటే ఎత్తున. బడి గంభీరంగా ఉంటేనే చదువుకు గౌరవం అనేది పెద్దల నమ్మకం. ఆ గదుల్లో క్షయ వ్యాపించేది. అప్పటికి క్షయకు మందు లేదు, స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా పదేళ్లకు పైగా ఉంది. వైద్యులు చెప్పగలిగిందల్లా ఎండ, గాలి, మంచి తిండి. అందుకే ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ డౌకర్ అనే ఆర్కిటెక్ట్ 1930లో ఆరుబయటి తరగతులతో ఒక బడి కట్టారు. అద్దాలు, కాంక్రీటు, ఆకాశం తప్ప అందులో ఇంకేమీ కనబడదు.

1932లో జూరిక్‌లోని కళాపరిశ్రమల మ్యూజియంలో కొత్త బడుల మీద ఒక ప్రదర్శన జరిగింది. దాని వెనకున్న వారిలో మోజర్ ఒకరు. మరుసటి ఏడాది, 1933లో, పిల్లవాడు, అతని బడి ఇల్లు అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం వచ్చింది. రాసింది ముగ్గురు: ఆరోగ్యశాస్త్ర ఆచార్యుడు గొంజెన్‌బాఖ్, విద్యావేత్త షోహౌస్, ఆర్కిటెక్ట్ మోజర్. ఒక వైద్యుడి వైపు మనిషి, ఒక పంతులు, ఒక కట్టేవాడు కలిసి రాయడమే ఆ పుస్తకంలో నాకు నచ్చిన సంగతి. మన దగ్గర ఇప్పటికీ బడి కట్టేటప్పుడు ఈ ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చోవడం చూడం.

ఆ ఉద్యమం అడిగినవి వింటే చాలా మామూలుగా ఉంటాయి. బడి ఒక అంతస్తులో, మహా అయితే రెండంతస్తుల్లో ఉండాలి. మెట్ల మీద తోసుకోవడం తప్పుతుంది. తరగతికి రెండువైపులా కిటికీలుంటే వెలుతురు గదంతా సమంగా పరుచుకుంటుంది, గాలి ఒకవైపు వచ్చి ఇంకోవైపు పోతుంది. ఒకవైపే కిటికీలుంటే కిటికీ పక్క పిల్లవాడి కళ్లు జిగేల్‌మంటాయి, గోడ పక్కవాడు చీకట్లో తడుముకుంటాడు. బల్లలు తేలిగ్గా ఉండి ఎటంటే అటు జరగాలి. అప్పుడు గుండ్రంగా కూర్చోవచ్చు, గుంపులుగా పని చేయవచ్చు. గదిలోంచి నేరుగా ఆరుబయటికి తలుపుండాలి. అన్నిటికంటే ముఖ్యం, కొలత. కిటికీ అంచు, తలుపు పిడి, నీళ్ల కుళాయి, ఏది చూసినా పిల్లవాడి ఎత్తుకు ఉండాలి. బడి అధికారుల గొప్పతనం చూపించడానికి కట్టే కోట కాకూడదు.

ఈ మాటలు ఒక్క జూరిక్‌లోనే వినబడలేదు. గ్రీస్ దేశంలో 1922 తర్వాత ఆసియా మైనర్ నుంచి పది లక్షలకు పైగా కాందిశీకులు వచ్చి పడ్డారు. వాళ్ల పిల్లలకు బడులు లేవు. 1930 నుంచి అక్కడి ప్రభుత్వం పెద్ద ఎత్తున బడులు కట్టే పని మొదలుపెట్టి, ఆ పని యువ ఆర్కిటెక్టుల చేతుల్లో పెట్టింది. వారిలో పాట్రోక్లోస్ కరాంతినోస్ ముఖ్యుడు. మోజర్ కంటే ఏడేళ్లు చిన్న. కాంక్రీటు చట్రం, వెడల్పాటి కిటికీలు, మేడ మీద ఆరుబయలు, గ్రీకు ఎండకు తగిన నీడ, ఇవి ఆయన బడులు. 1938లో ఆ బడుల మీద ఒక పుస్తకం తెచ్చారు. లా సారాలో పుట్టిన ఆ కాంగ్రెస్ నాలుగో సమావేశం 1933 వేసవిలో మార్సెయ్ నుంచి ఏథెన్స్‌కు వెళ్లే ఓడలో మొదలై ఏథెన్స్‌లో సాగింది కూడా. ఒకే ఆలోచన మంచు దేశంలో ఎండను లోపలికి పిలవమంది, ఎండ దేశంలో ఎండను కాస్త బయటే నిలబెట్టమంది. మోజర్‌కు ఈ రెండో పాఠం పరీక్షలో రావడానికి ఇంకా ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ ఇరవై ఏళ్లను తొందరగా దాటేద్దాం. 1937లో మాక్స్ హేఫెలి, రుడోల్ఫ్ స్టైగర్‌లతో కలిసి మోజర్ ఒక ఆఫీసు పెట్టారు. ముగ్గురూ బతికినన్నాళ్లూ విడిపోలేదు. జూరిక్ చెరువు ఒడ్డున 1939 జాతీయ ప్రదర్శన కోసం కట్టిన కాంగ్రెస్ భవనం వాళ్లదే. పాత సంగీత మందిరాన్ని కూల్చకుండా తమ కొత్త కట్టడంలో కలుపుకున్నారు. అల్‌స్టెట్టెన్‌లో 1941లో మోజర్ కట్టిన చర్చి పక్కన పాత చిన్న చర్చి అలాగే ఉంది. కొత్తది దానికి అడ్డం రాకుండా, దాన్ని చిన్నబుచ్చకుండా కాస్త ఒదిగి నిలబడింది. అలెన్‌మోస్‌లో చెట్ల మధ్య ఒక ఈతకొలను. తర్వాత యుద్ధకాలంలో మొదలై పదేళ్లు నడిచిన జూరిక్ ప్రభుత్వాసుపత్రి, తోట మధ్యలో. అంత పెద్ద ఆసుపత్రి కట్టినవాళ్లకు నీళ్లు, గాలి, నడకదారులు, వందలమంది రాకపోకలు అన్నీ చేతికొచ్చేస్తాయి.

ఇప్పుడు మన ఊరికి రండి. స్వాతంత్ర్యానికి ముందే, యుద్ధం తర్వాత పరిశ్రమలకు ఇంజనీర్లు కావాలని నళినీ రంజన్ సర్కార్ అధ్యక్షతన ఒక సంఘం వేశారు. దేశం నాలుగు దిక్కులా నాలుగు పెద్ద సాంకేతిక విద్యాలయాలు పెట్టమని అది చెప్పింది. తూర్పున మొదటిది బెంగాల్‌కు రావాలని ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ పట్టుబట్టారు. 1950 మేలో కలకత్తాలోని ఎస్ప్లనేడ్ ఈస్ట్‌లో ఆఫీసు తెరిచారు, సెప్టెంబరులో హిజ్లీకి తరలించారు. ఎందుకు హిజ్లీ అంటే, అక్కడ ఒక పెద్ద ఖాళీ భవనం ఉంది. అది జైలు.

హిజ్లీ నిర్బంధ శిబిరం గురించి మీకు తెలుసు. 1930లో తెరిచారు, విచారణ లేకుండా పట్టుకొచ్చిన స్వాతంత్ర్య సమరయోధులను అందులో ఉంచేవారు. 1931 సెప్టెంబరు 16న కాపలావాళ్లు ఆయుధం లేని ఖైదీల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఆ మృతదేహాలను తీసుకువెళ్లడానికి సుభాష్ చంద్ర బోస్ స్వయంగా వచ్చారు. రవీంద్రనాథ్ ఠాగూర్ బహిరంగంగా నిరసన తెలిపారు. రెండో ప్రపంచ యుద్ధంలో అదే భవనం అమెరికన్ బాంబర్ విమానాల దళానికి ప్రధాన కార్యాలయమైంది. ఆ గోడల మధ్యే 1951 ఆగస్టులో 224 మంది విద్యార్థులు, 42 మంది ఉపాధ్యాయులతో పాఠాలు మొదలయ్యాయి. ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ ప్రారంభించారు. తరగతులు, ప్రయోగశాలలు, ఆఫీసు, అన్నీ ఆ ఒక్క భవనంలోనే.

బడి బారకాసులా ఉండకూడదని వాదించిన మనిషిని దేశం పిలిచింది జైలులో నడుస్తున్న బడికి కొత్త ఇల్లు కట్టమని. మొదటి డైరెక్టర్ జ్ఞాన చంద్ర ఘోష్ దేశదేశాల నుంచి ఉపాధ్యాయులను పిలిపిస్తున్న రోజులవి. మోజర్ ఆర్కిటెక్చర్ శాఖ తొలినాళ్లలో దాన్ని నడిపించారు, ప్రధాన భవనం గీశారు. 1952 మార్చిలో నెహ్రూ శంకుస్థాపన చేశారు. అప్పటికి మోజర్ వయసు యాభై అయిదు దాటింది. ఆ వయసులో జూరిక్ చెరువు గాలి వదిలి మన ఎర్రమట్టిలోకి రావడం చిన్న సంగతి కాదు.

ఇక్కడి ఎండ గురించి మీకు చెప్పక్కర్లేదు. చైత్రం దాటితే మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కనబడదు. సాయంత్రం ఉన్నట్టుండి కాలబైశాఖి లేస్తుంది, రేకులు ఎగిరిపోతాయి. తర్వాత నాలుగు నెలలు వాన, అది కూడా గాలితో కలిసి పక్కవాటుగా కొడుతుంది. పుస్తకాలకు బూజు పడుతుంది. జీవితమంతా సూర్యుణ్ణి గదిలోకి ఆహ్వానించిన మోజర్ ఇక్కడ దాన్ని గుమ్మం బయటే ఆపాలి. అయితే వెలుతురు మాత్రం కావాలి, ఎందుకంటే చదువుకునే గది. గాలి ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే చెమట. ఎండ రాకూడదు, వెలుతురు రావాలి, గాలి ఆడాలి, వాన జల్లు కాగితాల మీద పడకూడదు. ఎయిర్ కండిషనర్లు లేని రోజుల్లో ఈ నాలుగూ కలిపి తీర్చాలంటే గోడతోనే, చూరుతోనే, కిటికీ లోతుతోనే తీర్చాలి.

ఈ విద్య మన పల్లెలకు కొత్త కాదు. శ్రీకాకుళం వైపు ఇంటికి ముందు వసారా ఎందుకుంటుంది? మధ్యలో లోగిలి ఎందుకుంటుంది? ఎండ వసారా దాకా వచ్చి ఆగిపోతుంది, గది చల్లగా ఉంటుంది. ఈ రైల్వే ఊళ్లో పాత బంగళాల చుట్టూ వరండా కూడా అందుకే. ఆధునిక ఆర్కిటెక్టులు అదే పనిని కాంక్రీటుతో చేశారు. కిటికీ ముందు అడ్డంగా, నిలువుగా కాంక్రీటు అంచులు పొడుచుకొచ్చేలా పోస్తే నడినెత్తి ఎండ, వాలు ఎండ రెండూ ముక్కలవుతాయి, వెలుతురు తిరిగి లోపలికి చిమ్ముతుంది. మెయిన్ బిల్డింగ్‌కు ఈసారి వెళ్లినప్పుడు ఫోటో తర్వాత తీసుకోండి. ముందు ఆ ముఖాన్ని కాసేపు చూడండి, నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో గమనించండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూస్తే ఇంకా మంచిది.

భవనం పక్కలకు బాగా చాచుకుని ఉంటుంది. మధ్యలో గోపురం. చెరొక పక్క ఒక సభామందిరం. వాటిలో నేతాజీ ఆడిటోరియం మనలో చాలామందికి తెలుసు, వారాంతాల్లో అక్కడ సినిమాలు వేస్తారు. లోపల ఆఫీసులు, ఉపన్యాస గదులు. ముందు భాగాన ఇది దేశసేవకు అంకితమన్న మాటలుంటాయి. ఇక ఆ గోపురం కేవలం ఎత్తు కోసం కట్టింది కాదు. దానిలో పదివేల గ్యాలన్ల నీళ్లు పట్టే ఉక్కు ట్యాంకు ఉంది, అత్యవసరానికి. లీటర్లలో చెప్పాలంటే సుమారు 45 వేలు. ఆవిరింజన్లు నడిచిన ఊరికి నీళ్ల ట్యాంకు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంజనీర్లను తయారుచేసే ఇంటికి నడినెత్తిన దేవుడి బొమ్మో, గడియారమో కాకుండా నీళ్ల తొట్టి ఉండడం నాకు సరైన సంగతిగానే తోస్తుంది.

ఒక ప్రశ్న మాత్రం మిగులుతుంది. కోటల్లాంటి బడులు వద్దన్న మనిషి ఇంత పెద్ద ముఖం, ఇంత ఎత్తు గోపురం ఎందుకు పెట్టారు? ఒక అంతస్తు, పిల్లవాడి ఎత్తు కిటికీ, తోటలోకి తలుపు, ఇవన్నీ ఎక్కడికి పోయాయి? ఇక్కడ చదివేది చిన్నపిల్లలు కాదనేది ఒక జవాబు. వేలమంది రావాల్సిన చోటు, ప్రయోగశాలల చోటు. రెండో జవాబు, అప్పుడే స్వతంత్రమైన దేశానికి తల ఎత్తి చూసే కట్టడం ఒకటి కావాలి. పక్కనే జైలు భవనం తన పాత గాంభీర్యంతో నిలబడి ఉంది. దాని ముందు కొత్త విద్యాలయం గుడిసెల వరసలా ఉంటే ఊరు దేన్ని గుర్తుపెట్టుకునేది? తండ్రి కట్టిన జూరిక్ గోపురం కొడుకు మనసులో మెదిలిందో లేదో మనం చెప్పలేం. రెండిటి ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుంటే మాత్రం, తండ్రిది ఊరిని చూస్తూ రాతితో లేచింది, కొడుకుది చదునైన నేల మీద కాంక్రీటుతో లేచింది. తండ్రిది గంభీరం. కొడుకుది, ఎంత పెద్దదైనా, నీడ కోసం, నీటి కోసం లెక్క వేసుకుని నిలబడినది. నా వరకు ఆయన తన 1933 నాటి మాటలో సగం నిలబెట్టుకున్నారు. గాలి, వెలుతురు విషయంలో పూర్తిగా. కొలత విషయంలో దేశం అడిగినదానికి ఒప్పుకున్నారు. ఆ పొడవాటి నడవాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తి క్లాసు అందుకోవాల్సిన విద్యార్థి ఈ తీర్పుతో ఏకీభవిస్తాడనుకుంటాను.

అదే కాలంలో లా సారా కోటలో ఆయనతో కూర్చున్న ల కొర్బూజియే చండీగఢ్ గీస్తున్నారు. మనకు దక్షిణాన, రైల్లో కొన్ని గంటల దూరంలో, జర్మనీ నుంచి వచ్చిన ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ గీసిన ప్రణాళికతో భువనేశ్వర్ కొత్త రాజధానిగా లేస్తోంది. చండీగఢ్ చూడ్డానికి ప్రపంచం వస్తుంది, దాని మీద పుస్తకాలు అల్మరాల నిండా ఉన్నాయి. ఖరగ్‌పూర్ భవనం మీద అంత గొడవ జరగలేదు. బహుశా అందులో రోజూ పని జరుగుతూ ఉండడం వల్ల. మార్కుల మెమోల కోసం, ఫీజుల కోసం, సంతకాల కోసం ప్రతి ఏడాదీ వేలమంది ఎక్కి దిగే మెట్లను ఎవరూ కళాఖండమని చూడరు.

ఖరగ్‌పూర్ నుంచి తిరిగి వెళ్లాక మోజర్ జూరిక్‌లో తన పాత విద్యాలయంలోనే, ఒకప్పుడు తండ్రి పాఠం చెప్పిన చోటే, 1958లో ఆచార్యుడయ్యారు. 1963 వరకు చెప్పారు. ఇక్కడ 1956లో మొదటి స్నాతకోత్సవానికి నెహ్రూ మళ్లీ వచ్చారు. అదే ఏడాది పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఆర్కిటెక్చర్ శాఖ ఇప్పటికీ నడుస్తోంది. జైలు భవనాన్ని కూల్చలేదు. దానికి హిజ్లీ షహీద్ భవన్ అని పేరు పెట్టారు, ఇప్పుడు అందులో నెహ్రూ సైన్స్ మ్యూజియం ఉంది. మన బడి నుంచి ఎన్ని బ్యాచ్‌లు అక్కడికి వెళ్లి వచ్చాయో లెక్క లేదు.

వెర్నర్ మోజర్ 1970 ఆగస్టులో జూరిక్‌లో కన్నుమూశారు. ముగ్గురు మిత్రుల ఆఫీసు ఆ తర్వాత ఇంకో అయిదేళ్లు అదే పేరుతో నడిచింది. వాళ్లు గీసిన కాగితాలు జూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయపు వాస్తుశిల్ప చరిత్ర భాండాగారంలో భద్రంగా ఉన్నాయి.